ప్రశ్న ముందు, పట్టిక తరువాత

మన సంస్థ పత్రికలో ఉత్పత్తి విశేషాలు, భద్రతా వారోత్సవాలు, పదవీ విరమణ సభలు, ఉద్యోగుల పిల్లలు సాధించిన ర్యాంకులు క్రమం తప్పక చోటు చేసుకుంటూ ఉంటాయి. కంప్యూటర్ విభాగపు సంగతులు మాత్రం అరుదుగా కనిపిస్తాయి. అందుకు కారణం లేకపోలేదు. జీతం సకాలంలో బ్యాంకులో పడినంత కాలం, గేటు దగ్గర కార్డు పనిచేసినంత కాలం, ఆసుపత్రి కౌంటరులో పేరు దొరికినంత కాలం మా విభాగమొకటి ఉన్నదన్న సంగతి ఎవరికీ గుర్తు రాదు. గుర్తు రాకపోవడమే మా పని సక్రమంగా సాగుతున్నదనడానికి నిదర్శనమని మేము సమాధానపడుతూ వచ్చాము. అయితే గత సంవత్సరం మా విభాగంలో జరిగిన ఒక శిక్షణ కార్యక్రమం గురించి కార్మిక సోదరులకూ, వారి కుటుంబ సభ్యులకూ చెప్పవలసిన అవసరం ఉన్నదని తోచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము. ఆ శిక్షణలో నేర్చుకున్నది కంప్యూటరుకు సంబంధించినదే అయినా, దాని ఫలితం అనుభవించేది కౌంటరుకు ఇవతల నిలబడేవారే కదా!

సంస్థలోని కొన్ని పాత అప్లికేషన్లను క్లౌడ్ పద్ధతికి అనువుగా తిరిగి నిర్మించాలని యాజమాన్యం నిర్ణయించినది. ఆ పని బయటివారికి అప్పగించే ముందు మన డెవలపర్లకే శిక్షణ ఇచ్చి చూడాలన్న ఆలోచన వచ్చినది. పది వారాలు, ఇరవై నాలుగు మంది. అందులో సగం మంది ఉద్యోగంలో చేరి అయిదేళ్లు నిండని యువతీయువకులు. మిగిలిన సగం మా తరంవారు. పాఠం చెప్పే బాధ్యత మా మీద పడినది.

మేము చదివిన చదువు

1990 ప్రాంతంలో ఇంజనీరింగు పట్టా పుచ్చుకొని వచ్చిన మావంటివారు ఫాక్స్‌ప్రోతో ఓనమాలు దిద్దుకొని, తరువాత రిలేషనల్ డేటాబేసులకు ఎదిగాము. ఈ రిలేషనల్ పద్ధతికి పునాది 1970లో పడినది. ఐబీఎం సంస్థకు చెందిన శాన్ హొసే పరిశోధనాలయంలో పనిచేస్తున్న ఇ. ఎఫ్. కాడ్ అనే శాస్త్రవేత్త ఆ సంవత్సరం ఒక పరిశోధనా పత్రం ప్రచురించారు. సమాచారమంతటినీ పట్టికలుగా విభజించి, వాటి మధ్య సంబంధాలను గణితపు క్రమశిక్షణతో నిర్వచించవచ్చునని అందులో నిరూపించారు. ఆ పట్టికలను ప్రశ్నించడానికి అదే ప్రయోగశాలలో ఛాంబర్లిన్, బాయిస్ అనే ఇద్దరు రూపొందించిన భాషే నేటి ఎస్‌క్యూఎల్.

ఆ చదువు సారం ఒక్క వాక్యంలో చెప్పవచ్చు: ఒక సంగతి ఒక్క చోటనే ఉండాలి. ఉద్యోగి చిరునామా ఒక పట్టికలో ఒక్కసారే ఉంటుంది. జీతం, క్వార్టరు, వైద్యం, సెలవులు ఇవన్నీ ఉద్యోగి సంఖ్య ద్వారా ఆ పట్టికను చూపిస్తాయే తప్ప చిరునామాను తిరిగి వ్రాసుకోవు. ఇల్లు మారితే ఒక్క చోట దిద్దితే చాలు. పట్టికలు సక్రమంగా కట్టిపెట్టుకుంటే రేపు ఏ ప్రశ్న వచ్చినా వాటిని కలిపి సమాధానం రాబట్టవచ్చును. ముందు పట్టిక, తరువాత ప్రశ్న అన్నమాట. ముప్ఫై ఏళ్లపాటు మా తరం ఈ సూత్రాన్ని నమ్ముకుని పనిచేసినది. అది మమ్మల్ని ఏనాడూ మోసగించలేదు. మన జీతాల లెక్క, స్టోర్సు లెక్క నేటికీ ఆ పద్ధతి మీదనే నడుస్తున్నాయి, నడవాలి కూడా.

కొత్త పద్ధతి ఎందుకు వచ్చినది?

ఇంటర్నెట్ విస్తరించిన తరువాత కొన్ని సంస్థల సమాచారం ఒక్క యంత్రంలో పట్టని స్థితి ఏర్పడినది. ఎంత పెద్ద యంత్రం కొన్నా చాలదు. అందువల్ల సమాచారాన్ని పదులు, వందల యంత్రాల మీద పంచవలసి వచ్చినది. అలా పంచినప్పుడు వేర్వేరు యంత్రాలలోని పట్టికలను ఒకచోట చేర్చి సమాధానం చెప్పడం చాలా ఖరీదైన పని అవుతుంది. ఈ చిక్కును తాము ఎలా పరిష్కరించుకున్నదీ గూగుల్ సంస్థ 2006లో, అమెజాన్ సంస్థ 2007లో పరిశోధనా పత్రాల ద్వారా వెల్లడించాయి. ఆ వెనుకనే 2008లో కసాండ్రా, 2009లో మాంగోడీబీ, 2012లో డైనమోడీబీ వెలువడినాయి. ఇటువంటివాటికన్నిటికీ కలిపి నో-ఎస్‌క్యూఎల్ అనే పేరు స్థిరపడినది. పేరులో 'నో' ఉన్నంత మాత్రాన ఇది పాతదానికి శత్రువు కాదు. ఎస్‌క్యూఎల్ ఒక్కటే కాదు, వేరే మార్గాలు కూడా ఉన్నాయని దాని తాత్పర్యం.

మన కర్మాగారానికి అంత అవసరమా అని కొందరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మన మోటార్లకు, పంపులకు అమర్చిన సెన్సర్లు నిమిషానికొకసారి ఉష్ణోగ్రత, కంపనం వంటి రీడింగులు పంపుతున్నాయి. ఒక్కొక్క యంత్రం రోజుకు 1,440 రీడింగులు, సంవత్సరానికి 5,25,600 రీడింగులు. యంత్రానికీ యంత్రానికీ రీడింగుల తీరు వేరు. పంపుకు ఉండే వివరం ట్రాన్స్‌ఫార్మరుకు ఉండదు. ఇటువంటి సమాచారాన్ని ఒకే మూసలో పోయడం కష్టం. మరొకటి ఆసుపత్రి వ్యవహారం. కౌంటరులో ఒక్క మనిషి వివరాలు చూడడానికి పాత అప్లికేషను అనేక పట్టికలు తిరగవలసి వచ్చేది. ఈ రెండింటితో పాటు మెయింటెనెన్సు పర్మిట్ల అప్లికేషనును కూడా అభ్యాసానికి ఎంచుకున్నాము. డేటాబేసుగా మాంగోడీబీని తీసుకున్నాము.

పోపులపెట్టె

మొదటి వారంలో మా తరంవారికి మింగుడుపడని సంగతి ఒకటి ఎదురైనది. మాంగోడీబీలో పట్టికలకు బదులు డాక్యుమెంట్లు ఉంటాయి. కలిసి వాడబడే సమాచారాన్ని ఒక్క డాక్యుమెంటులో కలిపి పెట్టుకోవచ్చు. అవసరమైతే ఒకే సంగతిని రెండు చోట్ల వ్రాసుకోవచ్చు కూడా. "ఒక సంగతి ఒక్క చోటనే" అని ముప్ఫై ఏళ్లు జపించినవారికి ఇది అపచారంగా తోచడంలో వింత లేదు.

ఆ రోజు సాయంత్రం ఇంటికి వెళ్లి మా శ్రీమతితో ఈ మాట అంటే, ఆమె పొయ్యి దగ్గర నుంచే పోపులపెట్టె చూపించి, "మరి ఇదేమిటండీ?" అన్నారు. మేము నోరు మెదపలేదు. మరునాడు పాఠం అక్కడి నుంచే మొదలుపెట్టాము.

అలమరలో ఆవాల డబ్బా, జీలకర్ర డబ్బా, మినప్పప్పు డబ్బా, ఎండుమిరపకాయల డబ్బా విడివిడిగా ఉంటాయి. ఒక్కొక్క సరుకు ఒక్క చోటనే. నెల సరుకులు లెక్క చూసుకోవాలంటే అదే సరైన పద్ధతి. కాని నూనె కాగిన తరువాత నాలుగు డబ్బాల మూతలు తీస్తూ కూర్చుంటే పోపు మాడిపోతుంది. అందుకే ఒకేసారి కావలసిన దినుసులన్నీ కొద్దికొద్దిగా ఒక్క పెట్టెలో సిద్ధంగా ఉంచుకుంటాము. పెట్టెలో ఆవాలు ఉన్నాయి, డబ్బాలోనూ ఉన్నాయి. అది వృథా కాదు, ఉపయోగాన్ని బట్టి చేసుకున్న అమరిక. అయితే రెండు నియమాలు పాటించాలి. మొదటిది, పోపుకు ఏమేమి కావాలో ముందుగా తెలిసి ఉండాలి. రెండవది, అసలు నిల్వ ఏ డబ్బాలో ఉన్నదో, పెట్టె ఎప్పుడు నింపాలో, ఎవరు నింపాలో నిర్ణయమై ఉండాలి.

నో-ఎస్‌క్యూఎల్ డేటా రూపకల్పనలో సగం విద్య ఈ రెండు నియమాలలోనే ఉన్నది. వంటగది తెలిసిన గృహిణికి ఇది కొత్త కాదు. కొత్తగా తోచినది మాకే.

ప్రశ్నల పుస్తకం

ఏయే ప్రశ్నలు వస్తాయో ముందే తెలిసి ఉండాలన్నప్పుడు, ఆ ప్రశ్నలు ఎక్కడ దొరుకుతాయి? పాత అప్లికేషను పత్రాలలో రిపోర్టుల జాబితాలు ఉన్నాయి గాని, మనుషులు అడిగే ప్రశ్నలు లేవు. అందువల్ల రెండవ వారంలో కంప్యూటర్లు మూయించి, ఇద్దరిద్దరు చొప్పున డెవలపర్లను ఆసుపత్రి కౌంటరుకు, మందుల గదికి, కంట్రోలు రూముకు, మెయింటెనెన్సు షాపుకు పంపించాము. ఒక్కొక్కరికి ఒక నోటు పుస్తకం ఇచ్చాము. విన్న ప్రశ్నను విన్నట్లే వ్రాసుకొని రావాలని, సొంత కవిత్వం చేర్చరాదని నియమం పెట్టాము.

వారు తెచ్చిన పుస్తకాలు చదివితే మనస్సు కదిలినది. పదవీ విరమణ చేసిన ఉద్యోగి భార్య ఒకామె, "మావారు పోయి ఆరు నెలలైంది, ఈ కార్డు మీద నాకు మందులిస్తారా బాబూ?" అని అడిగారట. ఒక కార్మికుడు, "మా అమ్మ పేరు ఇక్కడ ఉంది, పైకి రాసిన ఆసుపత్రిలో లేదంటున్నారు, ఎవరి మాట నిజం?" అని అడిగాడట. "బీపీ మందులు వచ్చాయా?" అన్నది రోజంతా వినబడిన ప్రశ్న. కౌంటరులోని గుమాస్తా ప్రతి ఒక్కరికీ సమాధానం చెప్పడానికి మూడు నాలుగు తెరలు మార్చవలసి వస్తున్నదని, అంతసేపూ వృద్ధులు నిలబడే ఉంటున్నారని ఒక యువకుడు తన పుస్తకం చివర వ్రాశాడు. అది ప్రశ్న కాకపోయినా మేము కొట్టివేయలేదు.

ఆ ప్రశ్నల నుంచే ఆసుపత్రి డాక్యుమెంటు రూపుదిద్దుకున్నది. ఉద్యోగి పేరు, ఆధారితుల పేర్లు, ఒక్కొక్కరి అర్హత, అది ఎంతవరకు చెల్లుతుందన్న తేదీ, చివరిసారి వ్రాసిన మందులు, పంపబడిన బయటి ఆసుపత్రి వివరం ఒక్కచోట చేరాయి. ఒక్కసారి చదివితే కౌంటరుకు కావలసినదంతా తెర మీదకు వస్తుంది. బిల్లులు మాత్రం అందులో చేర్చలేదు. అవి అకౌంట్సువారి రిలేషనల్ డేటాబేసులో ఎక్కడివక్కడే ఉన్నాయి. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టం వచ్చినందున, ఏ కౌంటరుకు ఎంత అవసరమో అంతే చూపాలన్న నియమం కూడా పెట్టుకున్నాము. మందుల గదికి రోగి జబ్బుల చరిత్ర అంతా అక్కరలేదు కదా!

'ఎస్' కౌంటరు దగ్గర రద్దీ

సమాచారాన్ని అనేక యంత్రాల మీద పంచేటప్పుడు దేనిని బట్టి పంచాలన్నది పెద్ద ప్రశ్న. పేరు మొదటి అక్షరాన్ని బట్టి పంచితే సరిపోతుంది కదా అని ఒక యువకుడు సూచించాడు. క్లాసులో నవ్వులు విరిసినాయి. మన ఆసుపత్రిలో పేర్ల అక్షర క్రమంలో కౌంటర్లు పెడితే ఏమవుతుందో ఊహించండి. శ్రీనివాసరావులు, సత్యనారాయణలు, సుబ్బారావులు, సూర్యనారాయణలు, శేషగిరిరావులు అందరూ ఒక్క వరుసలో నిలబడతారు. పక్క కౌంటరు గుమాస్తా ఈగలు తోలుకుంటూ ఉంటాడు. అదే ఉద్యోగి సంఖ్యలోని చివరి అంకెను బట్టి పంచితే పది వరుసలూ ఇంచుమించు సమానంగా ఉంటాయి. కంప్యూటరు కూడా ఇటువంటి పనే మరింత పకడ్బందీగా చేస్తుంది. ఇచ్చిన సంఖ్యను ఒక గణిత సూత్రంలో వేసి, వచ్చిన ఫలితాన్ని బట్టి ఏ యంత్రానికి పంపాలో నిర్ణయిస్తుంది.

సెన్సర్ రీడింగులలో ఇదే చిక్కు మరొక వేషంలో వచ్చినది. రీడింగులను తేదీ క్రమంలో పంచిన బృందానికి ఈ రోజు రీడింగులన్నీ ఒక్క యంత్రం మీదనే పడ్డాయి. మిగిలినవి ఖాళీగా కూర్చున్నాయి. మరొక బృందం ఒక్కొక్క మోటారుకు ఒక్కొక్క డాక్యుమెంటు పెట్టి, వచ్చిన రీడింగునల్లా దాని చివర చేర్చుకుంటూ పోయినది. చూడడానికి ముచ్చటగానే ఉన్నది. కాని మాంగోడీబీలో ఒక డాక్యుమెంటు 16 మెగాబైట్లకు మించరాదు. రీడింగుకు 100 బైట్లు అనుకున్నా రోజుకు 1,44,000 బైట్లు. నాలుగు నెలలు తిరగకముందే ఆ డాక్యుమెంటు నిండిపోయి, ఆ మోటారు రీడింగులు తీసుకోవడం ఆగిపోతుంది. ఈ లెక్క మేము చెప్పలేదు. వారి చేతనే నల్లబల్ల మీద చేయించాము. చివరకు మోటారుకు గంటకొక డాక్యుమెంటు, అందులో అరవై రీడింగులు అన్న పద్ధతికి అందరూ వచ్చారు. కంట్రోలు రూమువారు అడిగే ప్రశ్న కూడా "ఈ గంటలో ఏమైంది?" అన్నదే కావడం వల్ల అది సరిగ్గా అమరినది.

షిఫ్టు మారినా పని ఆగదు

డేటాబేసు ఒక భాగం మాత్రమే. క్లౌడ్‌కు తగినట్లు ప్రోగ్రాము వ్రాయడం మరొక విద్య. క్లౌడ్ అంటే ఆకాశంలో ఉండేది కాదు. ముంబయిలోనో, హైదరాబాదులోనో గోడలు, తాళాలు, డీజిల్ జనరేటర్లు ఉన్న భవనంలోని యంత్రాలను అవసరమున్నంత మేరకు అద్దెకు తీసుకోవడమే. అక్కడ మన ప్రోగ్రాము కంటెయినర్ అనే చిన్న డబ్బాలో నడుస్తుంది. రద్దీ పెరిగితే అటువంటి డబ్బాలు పది నడుస్తాయి. తగ్గితే రెండే మిగులుతాయి. ఏ డబ్బా ఎప్పుడు ఆగిపోతుందో చెప్పలేము. ఆగినా పని ఆగరాదు.

ఇది కర్మాగారంలో పనిచేసేవారికి వెంటనే అర్థమయ్యే సంగతి. రాత్రి షిఫ్టులోని ఆపరేటరు తెల్లవారి ఇంటికి వెళ్లిపోతాడు. కొత్త మనిషి వచ్చి లాగ్ బుక్ చదివి పని అందుకుంటాడు. జరిగినదంతా పుస్తకంలో ఉంటే ఎవరు వెళ్లినా నష్టం లేదు. ఆపరేటరు తన బుర్రలోనే పెట్టుకొని వెళ్లిపోతే ప్రమాదం. ప్రోగ్రాము కూడా అంతే. గుర్తుంచుకోవలసినదంతా డేటాబేసు అనే లాగ్ బుక్‌లో వ్రాయాలే గాని, తన జ్ఞాపకంలో దాచుకోరాదు. ఈ అలవాటు కలిగించడానికి మేము పాఠం మధ్యలో ముందు చెప్పకుండా ఏదో ఒక కంటెయినరును ఆపివేసేవాళ్లము. మొదట్లో హాహాకారాలు చెలరేగేవి. ఆరవ వారానికి ఎవరూ తల ఎత్తి కూడా చూడలేదు.

దీనికి తోడు మరొక జాగ్రత్త ఉన్నది. సమాధానం రాకపోతే యంత్రం అదే అభ్యర్థనను మళ్లీ పంపుతుంది. మొదటిది చేరినదో లేదో దానికి తెలియదు. ఒకే అభ్యర్థన రెండుసార్లు చేరినా పని ఒక్కసారే జరగాలి. లేకపోతే ఒక చీటీ మీద రెండుసార్లు మందులు ఇచ్చినట్లు లెక్క పడుతుంది. అందుకే ప్రతి అభ్యర్థనకూ క్యాంటీను కూపనుకు ఉన్నట్లు ఒక సంఖ్య ఉండాలి. ఆ సంఖ్య చెల్లిపోయినదైతే రెండవసారి చెల్లరాదు.

ఆ సెకనులో చెయ్యి ఎక్కడ?

ఈ శిక్షణలో మాకు అన్నిటికంటె విలువైనదిగా తోచిన సంఘటన ఎనిమిదవ వారంలో జరిగినది. దానిని చెప్పే ముందు ఒక మిత్రుని పరిచయం చేయాలి. వారు చాలాకాలం ఎలక్ట్రికల్ మెయింటెనెన్సులో పనిచేసి, తరువాత కంప్యూటర్ విభాగానికి వచ్చినవారు. శిక్షణ మొదటి వారంలో టీ తాగుతూ మాతో, "నాలుగేళ్లలో రిటైరయ్యేవాణ్ణి, ఈ వయసులో పిల్లల పక్కన కూర్చుని మళ్లీ అక్షరాభ్యాసం ఎందుకు గురువుగారూ? నేను నేర్చినదంతా పనికిరానిదని చెప్పడానికేనా?" అన్నారు. మాటలో కోపం లేదు గాని బాధ ఉన్నది. ఆ ప్రశ్నకు అప్పుడు మా దగ్గర తగిన సమాధానం లేకపోయినది.

ఇక అసలు సంగతి. మాంగోడీబీ సమాచారాన్ని సాధారణంగా మూడు సర్వర్లలో మూడు ప్రతులుగా ఉంచుతుంది. ఒకటి ప్రధాన ప్రతి. వ్రాతలన్నీ దానికే వెళతాయి. మిగిలిన రెండూ దానిని చూసి వ్రాసుకుంటాయి. ప్రధాన ప్రతి పడిపోతే మిగిలినవి కొద్దిసేపటిలోనే తమలో ఒకదానిని ప్రధానంగా ఎన్నుకుంటాయి. చదవడం మాత్రం, మనం కోరుకుంటే, మూడింటి నుంచీ చేయవచ్చు. అందువల్ల భారం తగ్గుతుంది. అయితే రెండవ, మూడవ ప్రతులు కొద్దిగా వెనుకబడి ఉండవచ్చు. కొత్త సర్క్యులరు మెయిను గేటు నోటీసు బోర్డు మీద అంటించిన తరువాత రెండవ గేటు బోర్డుకు చేరడానికి కొంత సమయం పట్టినట్లే ఇదీను.

మెయింటెనెన్సు పర్మిట్ల అప్లికేషను రూపకల్పనను ఒక యువ ఇంజనీరు క్లాసులో వివరిస్తున్నది. తెలివైన అమ్మాయి. పని శుభ్రంగా చేసినది. ఏ ఫీడరు ఆఫ్‌లో ఉన్నది, ఎవరి పేర పర్మిటు ఉన్నది అన్న ప్రశ్నకు మూడు ప్రతుల నుంచి చదివేటట్లు ఏర్పాటు చేసినది. మా మిత్రుడు చేయి ఎత్తారు.

"ప్రతులకు మధ్య తేడా ఎంతసేపు ఉంటుందమ్మా?"

"మామూలుగా సెకను కూడా ఉండదు సార్."

"ఆ సెకనులో మనిషి చెయ్యి ఎక్కడ ఉంటుంది?"

క్లాసు నిశ్శబ్దమైపోయినది. ఆ ప్రశ్న అడిగినది ఫీడరు ప్యానెళ్ల ముందు ఏళ్లు గడిపిన మనిషి. ఆఫ్ చేయడం, తాళం వేయడం, ట్యాగు కట్టడం, కరెంటు లేదని పరీక్షించడం, ఎర్త్ చేయడం, ఇవన్నీ అయిన తరువాతనే చెయ్యి పెట్టాలన్నది వారికి పుస్తకంలోని పాఠం కాదు, ఒంటికి పట్టిన అలవాటు. ఏ కంప్యూటరు తెరా ఆ తాళానికి, ఆ పరీక్షకు బదులు కాదని వారే మొదట చెప్పారు. "కాని తెర మీద 'ఆఫ్' అని కనబడితే మనిషి మనసు సగం నమ్మేస్తుంది. నమ్మకం కలిగించేది ఏదైనా నిజమే చెప్పాలి" అన్నారు.

ఆ మధ్యాహ్నమంతా పాఠం వారిదే అయినది. ఎరిక్ బ్రూవర్ అనే శాస్త్రవేత్త 2000లో ప్రతిపాదించి, 2002లో గిల్బర్ట్, లించ్ నిరూపించిన సూత్రం ఒకటి ఉన్నది. యంత్రాల మధ్య సంబంధం తెగినప్పుడు రెండింటిలో ఒకటే దక్కుతుంది: అందరికీ ఏదో ఒక సమాధానం ఇస్తూ పోవడం, లేదా తాజా నిజం మాత్రమే చెప్పి, చెప్పలేనప్పుడు మౌనం వహించడం. ఈ సూత్రాన్ని మేము అంతకుముందే బోధించి ఉన్నాము. అందరూ వ్రాసుకున్నారు కూడా. కాని ఫీడరు దగ్గర చెయ్యి గుర్తుకు వచ్చిన తరువాతనే అది వారికి అర్థమైనది.

అంతా కలిసి రూపకల్పన మార్చారు. పర్మిటు మార్పు మూడు ప్రతులలో కనీసం రెండింటిలో నమోదైతేనే జరిగినట్లు లెక్క. చదవడం ప్రధాన ప్రతి నుంచే. ఆ ప్రతి తన ప్రాధాన్యం ఇంకా నిలిచి ఉన్నదని మిగిలినవాటితో నిర్ధారించుకున్న తరువాతనే జవాబు చెప్పాలి. ఈ సదుపాయం మాంగోడీబీలోనే ఉన్నది, అడగడం తెలియాలి అంతే. నిర్ణీత గడువులో సమాధానం రాకపోతే తెర మీద పాత స్థితి చూపరాదు. "తెలియదు, కరెంటు ఉన్నట్లే భావించండి" అని ఎర్ర అక్షరాలలో చూపాలి. ఆ వాక్యం మా మిత్రుడు చెప్పినదే.

మరునాడు ఆ అమ్మాయి తన ప్రశ్నల పుస్తకంలో ప్రతి ప్రశ్నకూ ఎదురుగా మూడు గడులు గీసి తెచ్చినది. అడిగేది ఎవరు? సమాధానం ఎంత పాతదైతే ఫరవాలేదు? తెలియనప్పుడు ఏమి చెప్పాలి? క్యాంటీను మెనూ గంట పాతదైనా నష్టం లేదు. నిన్నటి సగటు ఉష్ణోగ్రత కొన్ని నిమిషాలు వెనుకబడినా కొంప మునగదు. మందుల నిల్వ కొంచెం వెనుకబడితే ఒకరు వట్టిచేతులతో తిరిగిపోవలసి వస్తుంది. అది చిన్న నష్టమేమీ కాదు. వితంతువు వైద్య అర్హత విషయంలో తెలియనప్పుడు 'లేదు' అనరాదు. 'కనుక్కుని చెబుతాము, కూర్చోండి' అనాలి. ఫీడరు విషయంలో మాత్రం ఒక్క క్షణం పాతదైనా పనికిరాదు. ఆనాటి నుంచి బృందాలన్నీ ఆ మూడు గడులు నింపకుండా ఒక్క వరుస ప్రోగ్రాము కూడా వ్రాయలేదు.

అనుభవానికి విలువ

పది వారాలు ముగిసిన తరువాత వెనుదిరిగి చూసుకుంటే కొన్ని విషయాలు స్పష్టమవుతున్నాయి. కొత్త పనిముట్లు నేర్వడంలో యువకులు ముందున్నారు. కంటెయినర్లను నిర్మించడం, వాటిని నడిపించే కుబర్నెటీస్ వంటి ఏర్పాట్లను అందిపుచ్చుకోవడం వారికి రోజుల పని అయితే మా తరానికి వారాల పని అయినది. అందులో దాచవలసినది ఏమీ లేదు. అయితే ఏ సమాచారానికి రెండు ప్రతులు ఉండవచ్చు, రెండూ తేడాగా ఉన్నప్పుడు ఏది నిజం, తప్పు సమాధానం వల్ల ఎవరికి ఎంత నష్టం అన్నవి ఏ పనిముట్టూ చెప్పదు. జీతాల లెక్కలో పైసా తేడా కోసం రాత్రి పొద్దుపోయేదాకా కూర్చున్నవారికి, ప్యానెలు ముందు నిలబడినవారికి అవి తెలుసు. కొత్త డేటాబేసు మనకు స్వేచ్ఛ ఇస్తుంది. ఆ స్వేచ్ఛ పెరిగినకొద్దీ నిర్ణయాలు పెరుగుతాయి. ఆ నిర్ణయాలకు అనుభవం కావాలి.

కనుక ఇటువంటి శిక్షణలు నిర్వహించేవారికి మా మనవి ఒక్కటే. యువకులను ఒక గదిలో, పెద్దలను మరొక గదిలో కూర్చోబెట్టవద్దు. ఇద్దరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టండి. మా మిత్రుడు ఇప్పుడు పర్మిట్ల అప్లికేషను పరీక్షల బాధ్యత చూస్తున్నారు. రెండవ బ్యాచి శిక్షణలో ఒక వారం పాఠాలు చెప్పడానికి ఒప్పుకున్నారు. టీ దగ్గర వారు వేసిన ప్రశ్నకు మేము చెప్పలేకపోయిన సమాధానాన్ని వారే తమ పనితో చెప్పారు.

కార్మిక సోదరులకు, వారి ఇంటివారికి కూడా ఒక విన్నపం. ఆసుపత్రి కౌంటరు పక్కనో, మీ షాపులోనో నోటు పుస్తకం పట్టుకున్న ఒక అమ్మాయో అబ్బాయో కూర్చుని, "మీరు ముందుగా ఏమి అడుగుతారండీ?" అని అడగవచ్చు. దయచేసి విసుక్కోకండి. మీ మాటలలోనే, మీకు తోచినట్లే చెప్పండి. చిన్న ప్రశ్న కదా అని మానవద్దు. మేము కట్టబోయే పట్టికలన్నీ ఆ ప్రశ్నల మీదనే నిలబడవలసి ఉన్నది.